బాసెల్ కళావిపణి: పుట్టుక, పరిణామము

ఒక కళాఖండమునకు రెండు విధములైన చరిత్ర ఉండును. అది ఎవరిచేత, ఏ కాలమున, ఏ భావముతో నిర్మింపబడినది అనునది మొదటిది. అది ఎవరి చేతినుండి ఎవరి చేతికి, ఎంత వెలకు, ఏ మార్గమున పోయినది అనునది రెండవది. మొదటిదానిని కళాచరిత్ర యనియు, రెండవదానిని వర్తకచరిత్ర యనియు వేరుచేసి చదువుట విద్యాసంస్థలలో అలవాటు. కాని ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి ఈ రెండింటిని విడదీయుట కష్టమైనది. అందులకు ముఖ్యకారణములలో ఒకటి అంతర్జాతీయ సమకాలిక కళావిపణి యను వ్యవస్థ. ఇట్టి విపణులలో మిక్కిలి ప్రసిద్ధమైనది స్విట్జర్లాండు దేశమున బాసెల్ నగరమందు 1970లో ఆరంభమైన 'ఆర్ట్ బాసెల్'. దాని పుట్టుకను, పెరుగుదలను, పనిచేయు పద్ధతిని, దానివలన ఏర్పడిన సమస్యను వివరించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట పేరును గూర్చి కొంత చెప్పవలెను. 'ఆర్ట్ ఫెయిర్' అను మాటకు తెలుగున స్థిరమైన పర్యాయపదము లేదు. 'కళాప్రదర్శన' మన్నచో అమ్మకము ధ్వనింపదు. 'కళల సంత' యన్నచో అమ్మకమే ధ్వనించును గాని ఉత్సవము ధ్వనింపదు. నిజమునకు దీనికి సమీపమైన భావము మన 'తిరునాళ్లు' అను మాటలో కలదు. 'తిరు' అనగా పవిత్రమైన, 'నాళ్లు' అనగా దినములు. దేవుని ఉత్సవదినములని అర్థమిచ్చు ఈ పదమే ఆ దినములలో జరుగు క్రయవిక్రయములకును పేరైనది. విచిత్రమేమనగా యూరపు భాషలలోను అదియే జరిగినది. జర్మను భాషలో 'మెస్సె' అనగా చర్చిలో జరుగు ఆరాధన. వర్తకపు విపణి కూడ. ఆంగ్లమున 'ఫెయిర్' అను మాట పండుగదినము అను అర్థముగల లాటిను పదమునుండి వచ్చినది. భక్తికొరకు గుమిగూడిన జనము కొనుగోలుకొరకును గుమిగూడుట సర్వత్ర సహజము. ఈ వ్యాసమున 'విపణి' యను మాటనే వాడుచున్నాను. కాని దానియందు పండుగ యను భావము కూడ ఇమిడియున్నదని పాఠకులు గ్రహింపవలెను. ఆ రెండు భావముల కలయికలోనే ఈ వ్యవస్థయొక్క బలమును, చిక్కును ఉన్నవి.

పూర్వరంగము

కళాఖండములను విపణిలో అమ్ముట క్రొత్త కాదు. నేటి బెల్జియము దేశమందలి ఆంట్‌వెర్ప్ నగరమున 1460లో అచ్చటి మేరీమాత చర్చివారు తమ ఆవరణలో 'పాండ్' అను కట్టడమును నిర్మించిరి. ఏటేట జరుగు విపణుల కాలమున చిత్రకారులును, శిల్పులును అందు అద్దెకు స్థలము తీసికొని తమ కృతులను అమ్మెడివారు. అద్దె చర్చికి చేరెడిది. కళాఖండముల అమ్మకము కొరకే కట్టబడిన తొలి కట్టడములలో ఇది ఒకటి. ఒక పెద్దచోటు, నియతమైన కాలము, అద్దె పద్ధతి, నలుదెసలనుండి వచ్చు కొనుగోలుదారులు అను నాలుగు లక్షణములు ఆనాడే ఇందు కానవచ్చుచున్నవి.

తరువాత కాలమున ప్యారిస్ నగరమున 1667లో మొదలైన 'సలోన్' ప్రదర్శనలు కళాకారుని కీర్తికి ద్వారములైనవి. అందు ప్రవేశమును ఎంపిక సంఘము నిర్ణయించెడిది. ఆ సంఘము నిరాకరించిన చిత్రములకు 1863లో వేరుగా ప్రదర్శన ఏర్పాటుచేయవలసి వచ్చినదనగా సంఘముయొక్క అధికారమును, దానిపై కలిగిన అసంతృప్తిని ఊహింపవచ్చును. పందొమ్మిదవ శతాబ్ది చివరకు సలోన్ ప్రాబల్యము తగ్గి, పోల్ ద్యురాన్-రుయెల్ వంటి వర్తకులు కళాకారులకు అండగా నిలిచిరి. ఒక కళాకారుని కృతులను నిలుకడగా ప్రదర్శించి, అమ్మి, అతని పేరును పెంచు ప్రయివేటు గ్యాలరీ ఈ విధముగా రూపొందినది.

1895లో ఆరంభమైన వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శన మరియొక మార్గమును చూపినది. దేశములు తమ తమ కళను అచ్చట ప్రదర్శించెడివి. దానికి చాలకాలము అమ్మకముల కార్యాలయము కూడ ఉండెను. 1968లో విద్యార్థులును, కళాకారులును జరిపిన నిరసనల తరువాత ఆ కార్యాలయము తొలగింపబడినది. జర్మనీలో కాసెల్ నగరమున 1955లో ఆర్నోల్డ్ బోడె ప్రారంభించిన 'డాక్యుమెంటా' సైతము ప్రదర్శనయే గాని విపణి కాదు. ఒకవైపు ప్రదర్శన వర్తకమునుండి దూరముగా జరుగుచుండగా, రెండవవైపు వర్తకము తనకొక ప్రత్యేకవేదికను వెదకుకొనుచుండెను. ఈ రెండును ఇంచుమించు ఒకే కాలమున జరుగుట గమనింపదగినది.

ఆ వేదిక తొలుత ఏర్పడినది కొలోన్ నగరమున. హైన్ ష్ట్యుంకె, రుడోల్ఫ్ జ్విర్నర్ అను ఇద్దరు గ్యాలరీ యజమానుల చొరవతో 1967 సెప్టెంబరులో గ్యుర్జెనిఖ్ అను మధ్యయుగపు సభాభవనమున 'కున్‌స్ట్‌మార్క్ట్' అనగా కళాసంత జరిగెను. పాల్గొన్నవి 18 జర్మను గ్యాలరీలు మాత్రమే. పశ్చిమ జర్మనీకి బెర్లిను వంటి ఏకైక కళాకేంద్రము లేకుండుటచే గ్యాలరీలు పలునగరములలో చెదరియుండెను. కొనుగోలుదారులు వానిని వెదకుకొని పోవుట దుర్ఘటము. వానినన్నిటిని ఒకచోట చేర్చుటయే ఈ సంతకు మూలప్రయోజనము. ప్రయత్నము ఫలించినది. 1969లో అదే సంతలో బెర్లినుకు చెందిన రెనె బ్లాక్ అను వర్తకుడు యోసెఫ్ బాయిస్ నిర్మించిన 'మంద' అను కృతిని 1,10,000 మార్కులకు అమ్మెను. ఒక పాత వోక్స్‌వాగన్ బండి, దాని వెనుకనుండి వెలువడుచున్నట్లు అమర్చిన మంచుబండ్లు, వానిపై కంబళి చుట్టలు, కొవ్వు, చేతిదీపములు, ఇదియే ఆ కృతి. ఇట్టి వస్తుసముదాయము అంత ధర పలుకుట నాడు సంచలనమైనది.

అయితే కొలోన్ సంతకు ఒక లోపముండెను. తాము ఎన్నుకొన్న సభ్యులకు తప్ప ఇతరులకు అందు ప్రవేశము లేదు. 1970 అక్టోబరులో బాయిస్ మొదలగువారు ఆ సంత జరుగుచున్న భవనపు గాజుతలుపులను తాళపుచెవులతో తట్టి నిరసన తెలిపిరి. తన కృతి అంత వెలకు అమ్ముడైన చోటనే ఆ కళాకారుడు తలుపు బయట నిలిచి తట్టుట, విపణి తలుపు ఎవరి అధీనమున ఉండవలెనను ప్రశ్నను స్పష్టముగా లేవనెత్తినది. ఆ ప్రశ్న నేటికిని తీరలేదు.

బాసెల్ నగరపు యోగ్యత

బాసెల్ చిన్న నగరము. రైన్ నది ఉత్తరమునకు మలుపు తిరుగు చోట, స్విట్జర్లాండు, ఫ్రాన్సు, జర్మనీ మూడును కలియు సరిహద్దున ఉన్నది. 1460లో అచ్చట విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. 1471లో ఫ్రెడరిక్ III చక్రవర్తి ఆ నగరమునకు విపణి జరుపుకొను హక్కును ప్రసాదించెను. నాటి శరత్కాలపు విపణి నేటికిని జరుగుచున్నది. పదునారవ శతాబ్దిలో బాసెల్ ముద్రణకు పేరుపొందెను. ఎరాస్మస్ పండితుడు అచ్చటనే 1536లో మరణించెను. చిత్రకారుడు హోల్బైన్ అచ్చట పనిచేసెను. ఆమెర్‌బాఖ్ కుటుంబము కూర్చిన కళానిధి అన్యుల పాలగు ప్రమాదము వచ్చినప్పుడు 1661లో నగరమును, విశ్వవిద్యాలయమును కలిసి దానిని కొనివేసెను. రాజుగాని, ప్రభువుగాని గాక ఒక నగరము కళానిధిని ప్రజలకొరకు సంపాదించుట ఆ కాలమునకు అపూర్వము. 1917నుండి అచ్చట స్విస్ పరిశ్రమల విపణి జరుగుచుండుటచే విశాలమైన శాలలును, వానిని నడుపు సంస్థయును సిద్ధముగా ఉండెను.

వీనికంటె ముఖ్యమైన సంఘటన 1967లో జరిగినది. ఆ సంవత్సరము ఏప్రిలులో గ్లోబ్ ఎయిర్ అను స్విస్ సంస్థకు చెందిన విమానము సైప్రసునందు కూలి 126 మంది మరణించిరి. ఆ సంస్థయందు ప్రధానమైన పెట్టుబడి ష్టెహెలిన్ కుటుంబమునకు చెందినది. నష్టమును పూడ్చుటకై ఆ కుటుంబము బాసెల్ మ్యూజియమున చిరకాలముగా ఉంచిన చిత్రములను అమ్మదలచెను. వానిలో పికాసో రచించిన రెండు చిత్రములు కలవు: 1906నాటి 'ఇద్దరు సోదరులు', 1923నాటి 'కూర్చున్న విదూషకుడు'. వాని వెల 84 లక్షల ఫ్రాంకులు. అందు 60 లక్షలను ప్రభుత్వ ధనమునుండి ఇచ్చుటకు నగరసభ అంగీకరించెను. దానిని కొందరు ఎదిరింపగా విషయము ప్రజల ఓటుకు వచ్చెను. మిగిలిన 24 లక్షలకొరకు పౌరులు 'బిచ్చగాండ్ర పండుగ' అను పేర వీథులలో ఉత్సవము జరిపి చందాలు పోగుచేసిరి. డిసెంబరులో జరిగిన ఓటింగున అధికసంఖ్యాకులు కొనుగోలునకు సమ్మతించిరి. ఈ వార్త విని పికాసో ఆ నగరమునకు మరి 4 కృతులను కానుకగా ఇచ్చెను.

ఒక నగరపు సామాన్యప్రజ ఆధునిక చిత్రములకొరకు ఓటు వేసి పన్నుధనమును ఖర్చుపెట్టుట అసాధారణము. ఆ ఓటు జరిగిన రెండున్నర సంవత్సరములకే ఆర్ట్ బాసెల్ పుట్టినది. ఒకదానినుండి ఒకటి నేరుగా పుట్టినదని చెప్పరాదు గాని, ఆధునిక కళను తమదిగా భావించు ప్రజ అచ్చట ఉన్నదను సత్యము విపణి స్థాపకులకు తెలియకుండ ఉండదు.

ఆరంభము

స్థాపకులు మువ్వురు: ఎర్నెస్ట్ బయెలర్, ట్రూడల్ బ్రుక్నర్, బాల్జ్ హిల్ట్. మువ్వురును బాసెల్ నగరపు గ్యాలరీ యజమానులే. వీరిలో బయెలర్ జీవితము ప్రత్యేకముగా చెప్పదగినది. అతడు పాతపుస్తకముల అంగడిలో పనిచేసి, 1945లో దానిని తానే తీసికొని, క్రమముగా గ్యాలరీగా మార్చెను. ఆధునిక కళలో ప్రపంచ ప్రసిద్ధులైన వర్తకులలో ఒకడయ్యెను. అతడును, అతని భార్యయును కూర్చిన కృతులు నేడు రీహెన్ గ్రామమున రెంజో పియానో రూపొందించిన భవనమందు 1997నుండి ప్రజలకు దర్శనమిచ్చుచున్నవి. వర్తకుడు అమ్మినవానికంటె అమ్మక దాచినవానివలన అతని అభిరుచిని కనుగొనవచ్చును.

1970 జూనులో తొలి విపణి జరిగెను. 10 దేశములనుండి 90 గ్యాలరీలును, 30 ప్రచురణసంస్థలును పాల్గొనెను. 16,000కు మించిన సందర్శకులు వచ్చిరి. కొలోన్ ప్రవేశద్వారమును మూసియుంచగా బాసెల్ దానిని విదేశీయులకు తెరచినది. తరువాతి వృద్ధికి ఈ భేదమే మూలము. ఐదేండ్లలో, అనగా 1975నాటికి, పాల్గొన్న సంస్థల సంఖ్య 300కు సమీపించెను, అవి 21 దేశములకు చెందినవి, సందర్శకులు 37,000. కొలోన్ సంత కూడ నిలిచియే యున్నది. 1984నుండి అది 'ఆర్ట్ కొలోన్' అను పేర ప్రసిద్ధము. కాని ప్రథమస్థానము బాసెల్‌కు దక్కినది. ఇతరనగరములును ఆ మార్గమునే అనుసరించెను: 1974లో ప్యారిస్ నగరమున 'ఫియాక్', 1982లో మాడ్రిడ్ నగరమున 'ఆర్కో' మొదలైనవి.

తెరచిన తలుపు ఎల్లకాలము తెరచియుండుట సాధ్యము కాలేదు. శాలలయందలి స్థలము పరిమితము. అడుగువారి సంఖ్య అపరిమితము. నాణ్యత కాపాడవలెనన్న ఎంపిక తప్పదు. కావున దరఖాస్తులను పరిశీలించుటకు గ్యాలరీ యజమానులతోనే కూడిన ఎంపిక సంఘము ఏర్పడినది. ప్యారిస్ సలోన్ నాటి సంఘము కళాకారుని ఎన్నుకొనెడిది. ఈ సంఘము కళాకారుని అమ్ము వర్తకుని ఎన్నుకొనును. వర్తకుని స్వజాతీయులే, అనగా పోటీదారులే, అతని అర్హతను నిర్ణయించుట ఈ పద్ధతియందలి విశేషము.

రెండవ దశ

1980ల చివర కళాఖండముల ధరలు అమితముగా పెరిగి, 1990 తరువాత వేగముగా పడిపోయెను. అనేక గ్యాలరీలు మూతబడెను. 1991లో లొరెంజో రుడోల్ఫ్ విపణి నిర్వాహకుడయ్యెను. అతని కాలమున విపణి స్వరూపము మారినది. పాల్గొను గ్యాలరీలను గట్టిగా వడపోయుట, ముఖ్యులైన సంగ్రాహకులను ప్రత్యేకముగా ఆహ్వానించుట, బ్యాంకులతో దీర్ఘకాలపు ఒప్పందములు చేసికొనుట అను మూడును ఆ మార్పునకు ఆధారములు. 1994నుండి స్విస్ బ్యాంకు ముఖ్యపోషకస్థానమున నిలిచినది. ఆ సంబంధము నేటి యు.బి.ఎస్. బ్యాంకుతో కొనసాగుచున్నది. 1996లో యువకళాకారులను ఒక్కొక్కరిని విడిగా చూపు 'స్టేట్‌మెంట్స్' అను విభాగము మొదలైనది. అదే సంవత్సరము కొందరు యువవర్తకులు నగరమందలి పాత మద్యపుకర్మాగారమున 'లిస్టె' అను వేరొక విపణిని ప్రారంభించిరి. పెద్ద తిరునాళ్ల ప్రక్కన చిన్న అంగళ్లు వెలయుట వంటిదే ఇది. కాని చిన్నదానినుండి పెద్దదానిలోనికి పోవు మెట్టుగా కూడ అది ఉపకరించినది.

2000లో 'అన్‌లిమిటెడ్' అను విభాగము ఆరంభమైనది. సామాన్యమైన స్టాలులో ఇమడని బృహత్కృతులకు, చలనచిత్రప్రదర్శనలకు, ఒక గదియంత అమరికలకు విశాలమైన శాల నిచ్చుట దాని ఉద్దేశము. దీని పర్యవసానము గొప్పది. అంతవరకు విపణి అనగా గోడకు తగిలించిన చిత్రముల వరుసలు. ఇప్పుడు అది మ్యూజియమును పోలినది. అమ్మకము జరుగు చోటు అమ్మకమును కనబడనీయక, విద్యావంతులైన సందర్శకులను ఆకర్షింపసాగినది. రుడోల్ఫ్ తరువాత 2000నుండి 2007వరకు సామ్ కెల్లర్ దీనిని నడిపెను. అతడు పిదప బయెలర్ స్థాపించిన మ్యూజియమునకే అధిపతి యగుట విపణికిని, మ్యూజియమునకును గల సాన్నిహిత్యమునకు తార్కాణము.

సముద్రములు దాటుట

అమెరికాలో మయామి బీచ్ నగరమున శాఖావిపణిని 2001 డిసెంబరులో జరుప నిశ్చయించిరి. సెప్టెంబరు 11నాటి దాడులవలన అది వాయిదాపడి, 2002లో జరిగెను. 23 దేశములనుండి 160 గ్యాలరీలు పాల్గొనగా 30,000 మంది చూడవచ్చిరి. ఉత్తర, దక్షిణ అమెరికాలకు మయామి కూడలి యగుట ఆ ఎన్నికకు కారణము. మరుసటి యేడు, అనగా 2003లో, లండనునందు 'ఫ్రీజ్' విపణి ఆరంభమై గట్టిపోటీదారు అయ్యెను.

ఆసియాలో పద్ధతి వేరు. హాంకాంగునందు 2008నుండి ఒక విపణి నడచుచుండెను. బాసెల్ విపణికి యజమాని యగు ఎం.సి.హెచ్. సంస్థ 2011లో దానియందు అధికభాగమును కొని, 2013లో 'ఆర్ట్ బాసెల్ హాంకాంగ్' పేర జరిపెను. 35 దేశముల 245 గ్యాలరీలు అందు పాల్గొనెను. వానిలో ఇంచుమించు సగము ఆసియా, పసిఫిక్ ప్రాంతములవి. ప్యారిస్ నగరమున గ్రాఁ పాలే భవనమందు అక్టోబరు నెలలో చిరకాలము 'ఫియాక్' జరుగుచుండెను. 2022లో ఆ సమయము ఎం.సి.హెచ్. సంస్థకు కేటాయింపబడెను. ఆ యేడు 156 గ్యాలరీలతో తాత్కాలికభవనమున క్రొత్తవిపణి జరిగెను. మూలభవనపు మరమ్మతులు ముగిసిన పిమ్మట 2024లో అచ్చటికి చేరి 'ఆర్ట్ బాసెల్ ప్యారిస్' అను పేరు ధరించెను. కతార్ దేశపు రాజధాని దోహాలో మరియొక శాఖ నెలకొల్పుదుమని 2025లో ప్రకటింపబడినది.

భారతదేశముతోను ఈ సంస్థకు కొంతకాలము సంబంధముండెను. 2008లో ఢిల్లీ ప్రగతిమైదానమున 34 గ్యాలరీలతో నేహా కిర్పాల్ ఆరంభించిన 'ఇండియా ఆర్ట్ సమ్మిట్' తరువాత 'ఇండియా ఆర్ట్ ఫెయిర్' అయినది. 2016లో ఎం.సి.హెచ్. సంస్థ దానియందు అధికభాగమును కొనెను. కాని ఆ సంస్థకు ఆధారమైన బాసెల్ గడియారముల విపణి క్షీణింపసాగెను. పెద్ద గడియారసంస్థలు ఒకటొకటిగా వైదొలగెను. ధనసంకటము ఏర్పడగా 2018 చివర ప్రాంతీయ విపణులనుండి విరమించుకొనుటకు నిర్ణయించి, 2019లో ఢిల్లీ విపణియందలి తన భాగమును ఆంగస్ మాంట్‌గొమరీ సంస్థకు అమ్మెను. బాసెల్‌లో గడియారముల అమ్మకము తగ్గుట ఢిల్లీలోని చిత్రవిపణి యాజమాన్యమును మార్చినది. కళకు సంబంధములేని కారణములు కళావ్యవస్థను ఎట్లు కదల్చునో తెలియుటకు ఇంతకంటె మంచి నిదర్శనము అక్కరలేదు.

2019లో బాసెల్ విపణికి 34 దేశములనుండి 290 గ్యాలరీలును, 93,000 మంది సందర్శకులును వచ్చిరి. తొలియేటితో పోల్చినచో గ్యాలరీలు మూడింతలకు పైగాను, సందర్శకులు ఆరింతలకు సమీపముగాను పెరిగినట్లు. 2020లో కోవిడ్ వ్యాధివలన హాంకాంగు, బాసెల్, మయామి విపణులు మూడును రద్దయ్యెను. మార్చినెలలో హాంకాంగు విపణికి బదులుగా అంతర్జాలమున ప్రదర్శనగదులు తెరువబడెను. 2021 సెప్టెంబరులో బాసెల్ విపణి తిరిగి జరిగినది. తెరపై చూపుట సాధ్యమని తేలినను జనము మరల శాలలకే వచ్చిరి. విపణి కేవలము క్రయవిక్రయమే యైనచో తెర చాలియుండెడిది. అది తిరునాళ్లు కూడ అగుటచేతనే చాలలేదు.

విపణి పనిచేయు విధము

గ్యాలరీ యజమాని విపణిలో చదరపు మీటరుకు ఇంత అని అద్దె చెల్లించును. కృతుల రవాణా, భీమా, ఉద్యోగుల ప్రయాణము, బస అతని ఖర్చే. కళాకారునినుండి నేరుగా వచ్చిన కృతిని మొదటిసారి అమ్ముటను ప్రాథమిక విక్రయమనియు, ఒకసారి అమ్ముడైనదానిని తిరిగి అమ్ముటను ద్వితీయ విక్రయమనియు చెప్పుదురు. మొదటిదానిలో వచ్చిన సొమ్మును కళాకారుడును, గ్యాలరీయును సగము సగము పంచుకొనుట సామాన్యమైన ఆచారము. సర్వజనులకు తలుపు తెరచుటకు ముందు ఆహ్వానితులకు ప్రత్యేకదినములు ఉండును. పేరుగల కృతులు పెక్కు అప్పుడే అమ్ముడగును. తరువాత టిక్కెట్టు కొని వచ్చువారు చూచునది అధికభాగము అమ్మకము ముగిసిన విపణినే.

వేలముతో పోల్చినచో భేదము స్పష్టమగును. వేలములో ధర బహిరంగము. ఎక్కువ పాడినవానికి వస్తువు. గ్యాలరీలో ధర పలువురకు తెలియదు. ఎవరికి అమ్మవలెనో వర్తకుడే నిర్ణయించును. వెంటనే తిరిగి అమ్మువానికంటె నిలుపుకొనువానికి, వానికంటెను మ్యూజియమునకు ఇచ్చుట అతనికి ఇష్టము. ఏలయన ఎవరి చేతిలో ఉన్నదో అను విషయమే ఆ కళాకారుని ప్రతిష్ఠను పెంచును. విపణులు వృద్ధిపొందుటకు ఒక కారణము వేలశాలల పోటీ. విడివిడిగా ఉన్న గ్యాలరీలు వేలశాలల వైభవమును ఎదుర్కొనలేవు. ఒకచోట చేరినచో ఎదుర్కొనగలవు.

ధర, విలువ

ఇచ్చట మూలసమస్యను చెప్పవలెను. ఒక కృతియొక్క విలువను నిర్ణయించు అధికారము ఎవరిది? పూర్వము ఇందు నలుగురికి పాలు ఉండెడిది: కళాకారులకు, విమర్శకులకు, మ్యూజియములకు, వర్తకులకు. విమర్శకుడు వ్రాసిన పిమ్మట మ్యూజియము చూపెడిది; తరువాత ధర పెరిగెడిది. ఇప్పుడు కొన్నియెడల క్రమము తారుమారైనది. విపణిలో పలికిన ధర మొదట వార్తయగును. ఆ వార్తనుబట్టి ప్రదర్శనలును, వ్రాతలును వచ్చును. 2019లో మయామి విపణిలో మౌరిజియో కాటెలాన్ అను కళాకారుడు గోడకు అంటుపట్టీతో అతికించిన అరటిపండు 1,20,000 డాలర్లకు అమ్ముడయ్యెను. వేరొక కళాకారుడు దానిని ఒలిచి తినివేసెను. మరియొక పండు అతికింపబడెను. కొన్నవానికి దక్కినది పండు కాదు, ప్రామాణ్యపత్రమును, అతికించు విధానమును. ఆ కృతియొక్క ఒక ప్రతి 2024లో న్యూయార్కు వేలమున 62 లక్షల డాలర్లు పలికినది. దీనిని పరిహాసమని కొందరు, విపణినే ప్రశ్నించు కృతి యని కొందరు అనిరి. రెండవ అభిప్రాయమే సరియైనదనుకొన్నను, ప్రశ్నించిన కృతిని సైతము ప్రశ్నింపబడిన వ్యవస్థయే అమ్మి లాభించినదని అంగీకరింపక తప్పదు. 1969నాటి మంచుబండ్ల మందనుండి ఇంతవరకు వచ్చిన మార్గము ఒక్కటే.

రెండవ చిక్కు చిన్న గ్యాలరీలది. క్రొత్త కళాకారులను వెదకి పెంచువారు వీరే. వారికి అద్దెభారము అధికము. పేరు వచ్చిన కళాకారుడు పెద్దగ్యాలరీకి పోవుట సాధారణము. 2018లో డేవిడ్ జ్విర్నర్ అను ప్రసిద్ధవర్తకుడు, పెద్దగ్యాలరీలు ఎక్కువ చెల్లించి చిన్నవాని భారమును తగ్గింపవలెనని ప్రతిపాదించెను. ఇతడు కొలోన్ సంత స్థాపకులలో ఒకడగు రుడోల్ఫ్ జ్విర్నర్ కుమారుడు. 2019నుండి బాసెల్ విపణి అద్దెలను స్థలపరిమాణమును బట్టి హెచ్చుతగ్గులుగా నిర్ణయించినది. పెద్దస్థలమునకు హెచ్చురేటు, చిన్నదానికి తగ్గురేటు. ఇది దయవలన జరిగినది కాదు. చిన్నవి నశించినచో పెద్దవానికి కళాకారులు దొరకరు. వేరు ఎండిన చెట్టునకు ఫలములుండవు.

మూడవది పరిశోధకులకు మిక్కిలి సంబంధించినది. కళావర్తకమును గూర్చిన గణాంకములను నేడు ఎక్కువమంది ఉదాహరించునది ఆర్ట్ బాసెల్, యు.బి.ఎస్. బ్యాంకు కలిసి 2017నుండి ఏటేట వెలువరించు నివేదికనుండి. దానిని వ్రాయువారు ఆర్థికశాస్త్రజ్ఞులే. శ్రద్ధగా చేసిన పనియే. అయినను కొలువబడునదియు, కొలతకు ధనమిచ్చునదియు ఒకటే యగుట మరువరాదు. ఆ అంకెలను వాడునపుడు శాసనమును చదువునట్లు చదువవలెను: ఎవరు వేయించిరి, ఎవరికొరకు, ఏమి చెప్పక విడిచిరి అని విచారింపవలెను.

ముగింపు

పై విచారణవలన తేలిన విషయములివి. అంతర్జాతీయ కళావిపణి ఆకస్మికముగా పుట్టినది కాదు. ఆంట్‌వెర్ప్ చర్చి ఆవరణమునుండి వచ్చిన పురాతన పద్ధతి, 1960లలో ప్రదర్శనలు వర్తకమును విడనాడుటతో, చెదరియున్న గ్యాలరీల అవసరముతో కలిసి క్రొత్తరూపము పొందినది. కొలోన్ దానిని కనిపెట్టగా, బాసెల్ దానిని లోకమునకు తెరచినది. నగరపు భౌగోళికస్థితి, సిద్ధముగానున్న శాలలు, కళను తమదిగా తలచిన పౌరులు అందుకు తోడ్పడిరి. 1990ల పతనము తరువాత అది ఎంపికను, వైభవమును పెంచుకొని మ్యూజియము పోలికను ధరించినది. 2002నుండి ఖండాంతరములకు వ్యాపించినది.

దీనిని కేవలము నిందించుట వలన ప్రయోజనము లేదు. ఐదారు దినములలో ఇన్ని దేశముల సమకాలిక కృతులను ఒకచోట చూచు అవకాశము మరియొకవిధముగా లభింపదు. ఎందరో కళాకారుల జీవనము దీనిపై ఆధారపడియున్నది. కాని విపణి చెప్పగలిగినది వెల మాత్రమే. ఒక కృతి ఏమి చెప్పుచున్నది, పూర్వులతో దానికి గల సంబంధమేమి, ఏబది యేండ్ల తరువాత అది నిలుచునా అను ప్రశ్నలకు సమాధానము ఆహ్వానితుల దినములలో దొరకదు. అది ఓపికతో చూచి, పోల్చి, వ్రాయువారివలన రావలెను. 1967లో బాసెల్ పౌరులు ఆ రెండు చిత్రములను కొన్నది వానిని తిరిగి అమ్ముటకు కాదు; అవి నేటికిని ఆ నగరపు మ్యూజియమున ఉన్నవి. విపణి చరిత్రను చదువువారు మూడేండ్ల ముందు జరిగిన ఆ ఓటును కూడ దానితో కలిపి చదివినచో, ధరకును విలువకును గల భేదము వారికి సులభముగా బోధపడును.